నొక్కమంటే నొక్కని కోడలు

మా కోడలు ఇవాళ మూడు బల్లలున్న మసాజ్ గదికి యజమానురాలు. తలుపు మీద ఆమె పేరు రాసి ఉంది. నా చదువు వానాకాలం చదువే అయినా, ఆ పేరు మాత్రం కూడబలుక్కోకుండా చదువుతాను.

అంతకుముందు లాండ్రీలో ఇస్త్రీ చేసేది. లాండ్రీ మూతపడ్డాక, మందుల షాపు మేడ మీద మసాజ్ నేర్పే బడిలో చేరతానంది. మా ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంది.

"ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు పట్టడానికి కూడా చదువా వదినా? రేపు గోక్కోవడానికీ సర్టిఫికెట్ ఇస్తారేమో!"

"ఇస్తే ఫస్టు నువ్వే వస్తావులే," అన్నాను.

ఎముకల పేర్లు, కండరాల పేర్లు అన్నీ బట్టీ పట్టింది కోడలు. తీరా పరీక్షలో తప్పింది. ఎందుకంటారా? మా ఇంట్లో ఒళ్ళు పట్టడమంటే కళ్ళ నీళ్ళు తిరగాల్సిందే. నొప్పి పుట్టకపోతే పట్టినట్టే కాదు. బల్ల మీద పడుకున్నావిడ "అబ్బా, చాలు" అంటే, ఈ పిల్ల ఇంటి అలవాటు చొప్పున "కొంచెం ఓర్చుకోండి" అని ఇంకాస్త నొక్కింది. ఒళ్ళు బిగుసుకుంటే నొక్కకూడదట, చాలన్నాక చెయ్యి ఆగాలట. అక్కడికి పరీక్ష సరి.

ఇంకొక్కసారే అవకాశం, అదీ పోతే ఇంటికే. ఆసుపత్రుల్లో, ఆటల మైదానాల్లో ఇప్పుడు ఈ పనివాళ్ళ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు, కానీ పాసవ్వనిదే గడప తొక్కనివ్వరు. వెనక్కి పోదామంటే లాండ్రీ లేదాయె.

రెండోసారికి బల్ల మీద పడుకోవడానికి అరవై దాటిన మనిషిని ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. నేను తయారయ్యాను.

"మీరొద్దత్తయ్యా. నా కోసం నొప్పున్నా లేదంటారు. చిన్నత్తయ్యని తీసుకెళ్తా," అంది.

చిన్నత్తయ్యంటే మా ఆడపడుచే. భుజం పట్టేసి తల దువ్వుకోలేని మనిషి. మనసులో మాట దాచుకోవడం ఆ వంశంలోనే లేదు.

నేను తోడు వెళ్ళి తలుపు పక్కన కూర్చున్నాను. పరీక్ష పెట్టే ఆవిడ బల్ల దగ్గరే నిలబడింది. కోడలు అరచేతులు రుద్దుకుని వేడి చేసుకుని, "చెయ్యి వెయ్యనా అత్తయ్యా?" అని అడిగింది.

"వెయ్యక, చూస్తూ కూర్చుంటావా?"

వేసిందో లేదో, మొదలుపెట్టింది మహాతల్లి.

"ఏమే, పొద్దున ఏమీ తినలేదా? దుమ్ము దులుపుతున్నావా? గట్టిగా నొక్కు! మీ అత్తయితే ఈపాటికి ఎముకలు విరిచేది!"

పరీక్ష పెట్టే ఆవిడ కళ్ళు కోడలి చేతుల మీదే ఉన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దవాళ్ళ మాటకు ఏనాడూ ఎదురాడని పిల్ల. నొక్కిందా, అంతా బూడిదలో పోసినట్టే.

నొక్కలేదు.

"నొక్కనత్తయ్యా. నొక్కేకొద్దీ మీ భుజం రాయిలా బిగుసుకుంటోంది. ఊపిరి వదలండి. ఆ భుజం రానిస్తేనే నా చెయ్యి లోపలికి వెళ్తుంది."

"పెద్దదాన్ని, నేను చెబుతుంటే..."

"మీరు పెద్దవారే. మీ భుజం మీకన్నా మొండిది. ఇవాళ్టికి దాని మాటే వింటా."

నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆడపడుచు ఉక్రోషంతో బుస్సున ఊపిరి వదిలింది. కోడలికి కావలసిందీ అదే! ఆ ఊపిరితోపాటే కోడలి ముంజేయి భుజంలోకి మెల్లగా దిగింది. ఇంకో ఊపిరికి ఇంకాస్త. ఆపైన బల్ల మీంచి సన్నగా గురక.

ఆడపడుచు లేచి కూర్చుని, జారిన జుట్టుముడి సర్దుకోబోయింది. చెయ్యి తలదాకా వెళ్ళింది. అది ఎవరి చెయ్యో అన్నట్టు దాని వంకే చూస్తూ ఉండిపోయింది.

పరీక్ష పెట్టే ఆవిడ కోడలి భుజం తట్టింది. "పాసయ్యావు. ఎక్కడ చేరతావో చెప్పి వెళ్ళు, నా నడుం పట్టుకుని నేనే వస్తా."

నవ్విన నాపచేనే పండింది. ముందు ఆటగాళ్ళ ఆసుపత్రిలో చేరింది, తర్వాత సొంత గది పెట్టింది. ఇప్పుడు ఆమె కింద ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు. వచ్చేవాళ్ళు బయట బెంచీ దాకా నిండిపోతున్నారు. ఆ బెంచీ చివర మా ఆడపడుచు రోజూ హాజరు.

"గట్టిగా నొక్కమని అడక్కండి, మా అమ్మాయి ఒప్పుకోదు," అని కొత్తవాళ్ళకు పాఠం చెబుతుంది. "దాన్ని పాస్ చేయించింది ఎవరనుకున్నారు? నేనే!"