ఒక అక్షరం ఎక్కువ

తొమ్మిదేళ్లుగా ఒక స్టీలు ఫ్లాస్కు బరువు నా కుడిచేతిలో ఉంది. ఫ్లాస్కును ఆ రోజే పారేశాను. బరువు పోలేదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను కంప్యూటరు చదువు చదవలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. లెక్క తప్పడని ఆఫీసులో పేరు. నాకున్నది ఆ పేరొక్కటే. రాయదుర్గంలో మేం చేసిన సాఫ్ట్‌వేరు మొక్కల జన్యువులను తెరపై చూపేది. జన్యువంటే పొడవాటి అక్షరాల వరుస. అందులో ప్రోటీను తయారీకి పనికొచ్చే ముక్కలను ఎక్సాన్లంటారు. అవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఒక ప్రోగ్రాము ఊహించి రెండు అంకెలిస్తుంది. ఆ అంకెల మధ్య డబ్బా గీయడం నా పని. ఆ ప్రోగ్రాము సున్నా నుంచి లెక్కపెడుతుంది, మాది ఒకటి నుంచి. అందుకని మొదటి అంకెకు ఒకటి కలపాలి. చివరి అంకెను అది ముక్క దాటాక వచ్చే అక్షరానికి ఇస్తుంది కాబట్టి మా లెక్కకు అప్పటికే సరిపోతుంది, ముట్టకూడదు. నేను రెండింటికీ కలిపాను. ప్రతి డబ్బాలోకీ ఒక అక్షరం ఎక్కువ వచ్చింది. తెరపై అది కంటికి ఆనదు. కానీ జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుతారు. ఒకటి ఎక్కువైతే ఆ తర్వాతదంతా తప్పే.

పట్టుకున్నవాడు యాదగిరి. సిద్దిపేట వైపు మనిషి, నా ఈడువాడే. మా పనిని పరీక్షించడానికి కాంట్రాక్టు మీద వచ్చాడు. భోజనాల వేళ నేను ఫ్లాస్కులో నీళ్లు నింపుకుని వస్తుంటే మెట్ల దగ్గర ఆపాడు. చేతిలో కాగితం. దాని మీది జన్యువు అక్షరాలన్నీ పెన్సిలుతో ఒక్కొక్కటే గీటు పెట్టి అప్పటికే లెక్కించాడు.

“ఏందన్నా, నిన్ను లెక్కల సారంటరు. చేతికి ఆరు వేళ్లున్నయా ఏంది? డబ్బా డబ్బాకు ఒక అక్షరం ఎక్కువ మింగుతున్నవ్!” అని నవ్వాడు.

“ఎవరికి చెప్పావు?”

“ఎవ్వరికి చెప్పలే. ముందుగాల నీకే చెప్దామని వచ్చిన. జర సరిచెయ్యి. ఫికర్ చెయ్యకు.”

ఆ మాట విన్నాకే కొట్టాను. వెక్కిరించినందుకు కాదు. ఇంకెవరికీ తెలియదని తేలాక.

ఫ్లాస్కు అడుగు అతని ఎడమ చెవి మీద పడింది. గోడకు తూలాడు. మళ్లీ అక్కడే కొట్టాను. “అన్నా, అన్నా” అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. చేతి మీద కొట్టాను. వేలు విరిగిన చప్పుడు విన్నాను. మోకాళ్ల మీద కూలి చెయ్యి దించాక, చెవి మీద ఇంకోసారి.

సెక్యూరిటీ ఆయన పరుగెత్తుకొచ్చాడు.

“మెట్ల మీద జారాడండి,” అన్నాను.

రక్తం కాలరులోకి కారుతుండగా యాదగిరి నా వైపు చూశాడు. “అవు. జారిన,” అన్నాడు.

ఎందుకన్నాడు? కాంట్రాక్టు మనిషి మాట కన్నా నా మాటే చెల్లుతుందని అంత నొప్పిలోనూ అంచనా వేశాడా, లేక నా ముఖంలో ఇంకో దెబ్బ కనిపించిందా? నేనెప్పుడూ అడగలేదు. అతను ఆసుపత్రిలో ఉండగానే నా తప్పు గుట్టుగా సరిచేసి, మా పనిని పరీక్షించడానికి అతనిచ్చిన ఫైల్లోనే తప్పుందని పైవాళ్లకు రాసిపెట్టాను. అతని కాంట్రాక్టు పోయింది. ఎడమ చెవి వినికిడి తిరిగి రాలేదు.

పోయిన నెల కొండాపూర్‌లో కూరగాయల బండి దగ్గర కనిపించాడు. అతని ఎడమ పక్కన నిలబడి పేరుపెట్టి పిలిచాను. తల తిప్పలేదు. రెండడుగులు వేసి కుడి పక్కకు వెళితే వినేవాడు. వెళ్లలేదు. వినపడని వైపు నిలబడి పిలిస్తే అది పిలుపవుతుందా?

ఎన్ని దెబ్బలు కొట్టావని ఇన్నేళ్లూ నన్ను నేను అడిగినప్పుడల్లా మూడే అనుకున్నాను. మొదటిది కోపం కొట్టింది, నేను కాదని, దాన్ని సున్నా కింద వేశాను. ఇప్పుడు, పైన రాసిన దెబ్బలకు ఒక్కొక్కటిగా పెన్సిలుతో గీట్లు పెట్టి చూశాను.

నాలుగు. నాలుగూ నేనే కొట్టాను.