మూత గంప దేవానందం

నాచారంలో దేవానందం ఇల్లెక్కడ అని అడిగితే చాలామంది తల గోక్కుంటారు. ఆయన గొంతు సంగతి అడిగితే మాత్రం చిల్కానగర్ దాకా ఎవరైనా చెప్పగలరు. ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో మెషిన్ల మోతను మించి అరిచి అరిచి ఆయనకు మామూలుగా మాట్లాడటమే రాకుండా పోయింది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని "కూరల ఉప్పు తక్కువైంది" అంటే పక్క వీధి ఆడవాళ్ళు తమ కూర రుచి చూసుకుంటారు. భార్య రూతు మాత్రం ఆ గొంతుకు ఎప్పుడో అలవాటు పడింది. ఆయన అరుస్తుంటే వినబడనట్టే బియ్యం ఏరుకుంటుంది.

జనగామ అవతలి పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మనిషి. ఆయనకు పేరు తెచ్చింది ఫ్యాక్టరీ కాదు, సొరకాయ. చర్చిలో ఏటా కోతకాల పండుగ చేస్తారు. విశ్వాసులు తమకున్నదేదో, కాయో కోడో కేకో, తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఒక ఏడు వేలం పాట పెట్టే పెద్దాయనకు సరిగ్గా పండుగనాడే గొంతు పట్టేసింది. ఎవరూ లేవకపోయేసరికి దేవానందం లేచాడు. వడలిపోయిన సొరకాయనొకదాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, అది పుట్టిన పాదు గురించి, దానికి నీళ్ళు పోసిన ముసలమ్మ గురించి, దాన్ని ఇంటికి తీసుకుపోయేవాళ్ళ అదృష్టం గురించి అప్పటికప్పుడు అల్లి చెప్పాడు. సొరకాయ కోసం ఇద్దరు తోడల్లుళ్ళు పోటీ పడ్డారు. ఆ పోటీతో వాళ్ళకు కొన్నాళ్ళు మాటల్లేవు కూడా.

అప్పటినుంచి పాట పెట్టడం ఆయన సొంతమైంది. ఆ పేరు పాకి వినాయకుని మండపం దాకా వెళ్ళింది. "దేవానందమన్నా, జర వచ్చి మా లడ్డూ పాట నువ్వే పెట్టాలె" అని కాలనీ కుర్రాళ్ళు వచ్చి కూర్చున్నారు. రూతు భయపడి పాస్టరుగారిని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "అమ్మి రమ్మను, తిని రావద్దను" అన్నాడు. దేవానందం రెండూ చేసి వచ్చాడు.

ఇన్ని వేలాల్లోనూ ఆయన ప్రాణం పెట్టేది మూత గంప మీద. అన్నీ అయిపోయాక చివర్న గుడ్డ కప్పిన గంప ఒకటి బయటికొస్తుంది. అందులో ఏముందో పాడేవాళ్ళకు తెలియదు. నింపిన రూతుకు తప్ప ఎవరికీ, చివరికి దేవానందానికీ తెలియదు. ఆయనకు చెబితే మొహంలో కనబడిపోతుందని ఆమె చెప్పదు. "మూత తీసి అమ్మితే బేరం. తియ్యకుండ అమ్మితే అది విద్దె" అంటాడాయన. ఒకసారి గంపలో చీర ఉంటే మరోసారి ఉల్లిగడ్డలుంటాయి. ఏమున్నా సరే, "మూడోసారి" అని దేవానందం నోట వచ్చిందంటే ఇక తిరుగు లేదు. ఏడ్చినా నవ్వినా గంప ఎత్తుకుని పోవాల్సిందే. తన మాట ఎన్నడూ వెనక్కి పోలేదని ఆయనకు మహా గర్వం. ఆ గర్వంతోనే వీధిలో కాస్త ఛాతీ ముందుకు పెట్టి నడిచేవాడు.

వాళ్ళ మీది పోర్షన్లో పద్మశ్రీ అద్దెకుండేది. హబ్సిగూడలో ఒక బడిలో తెలుగు టీచరు. ఆదివారాలు చిల్కానగర్ కమ్యూనిటీ హాల్లో పిల్లల్ని పోగేసి కథలు రాయించేది. దానికి కథల బడి అని పేరు. వచ్చేవాళ్ళు ఎక్కువగా ఫ్యాక్టరీలకు, ఇళ్ళ పనులకు పోయేవాళ్ళ పిల్లలు. వాళ్ళు రాస్తారు, పైకి చదువుతారు, ఒకరి కథను ఒకరు చీల్చి చెండాడుతారు, మళ్ళీ వచ్చే ఆదివారం బుద్ధిగా వస్తారు. అయితే రెండువేల పదమూడు చివర్లో హాలు కమిటీ వాళ్ళు చావు కబురు చల్లగా చెప్పారు. కొత్త సంవత్సరం నుంచి ఆదివారాలన్నీ పెళ్ళిళ్ళకే ఇస్తారట. వేరే గది దొరక్కపోతే కథల బడి మూసుకోవడమే.

పద్మశ్రీ ఈ మాట రూతుతో చెప్పి కళ్ళు తుడుచుకుంది. రూతు బియ్యం చేట పక్కన పెట్టింది.

"ఏడుస్తవెందుకమ్మా? ఎండిపోయిన సొరకాయలనే అమ్మినోడు మా ఇంట్ల ఉన్నడు. పిల్లల కోసం ఒక్క గది తేలేడా?"

అలా పుట్టింది కథల జాతర. క్రిస్మస్ ముందటి ఆదివారం, హాలు ముందున్న ఖాళీ జాగాలో టెంటు వేశారు. చర్చివాళ్ళు కేకులు తెచ్చారు. మండపంవాళ్ళు సకినాలు, పచ్చళ్ళు తెచ్చారు. ఎవరో కోడిపుంజును కాళ్ళు కట్టి తెచ్చారు. దేవానందం మైకు పట్టుకుని ముందే షరతు పెట్టాడు.

"పైసల మాట వద్దు. పైసలంటె లెక్కల కాడ లొల్లయితది. పిల్లల బడికి అక్కరొచ్చే వస్తువులే పాడున్రి!"

జనానికి ఇది కొత్తగా, మస్తు సరదాగా అనిపించింది. కేకుకు నల్లబోర్డు వచ్చింది. సకినాలకు చాపలొచ్చాయి. పుంజు దగ్గర పట్టుదలలు పెరిగి ఏకంగా సీలింగు ఫ్యాను వచ్చింది. ఫ్యానయితే వచ్చింది గానీ తగిలించడానికి పైకప్పు లేదు. గది ఇంకా ఎవరి నోటా రాలేదు.

ఆ గది ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు. ముందు వరసలో తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్న నరసింహమూర్తి సేటు దగ్గర. మెయిన్ రోడ్డు మీద సిమెంటు దుకాణం, దాని మీద ఖాళీ గది. అందులో పాత ఫ్లెక్సీలు, వాటిని కొరుక్కుంటూ ఎలుకలు కాపురముంటున్నాయి. సేటు మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే మైకులో తన పేరు వినబడని చోట ఆయన చెయ్యి జేబులోంచి బయటికి రాదు. లడ్డూ ఒక్కటే పాడతాడు. ఎందుకంటే లడ్డూ పాడినవాడి పేరు ఏడాది పొడుగునా బ్యానరు మీద ఉంటుంది. ఈ సంగతి దేవానందం కంటే బాగా ఎరిగినవాడు లేడు.

వేలం అయిపోయింది. చివర్న రాణి తన కథ చదవాలని అనుకున్నారు. రాణి తొమ్మిదో తరగతి పిల్ల. వాళ్ళమ్మ రాములమ్మ మందుల కంపెనీలో సీసాలు కడుగుతుంది. పద్మశ్రీ రాణిని వేదిక మీదికి పిలుస్తుంటే దేవానందానికి ఒళ్ళంతా పూనకం వచ్చినట్టయింది. చేతిలో గంప లేకపోతేనేం?

"ఆగున్రి, ఆగున్రి! ఇంక మూత గంప మిగిలున్నది! ఈ బిడ్డ ఇప్పుడొక కథ చదువుతది. ఆ కథల హీరో ఎవరు? నాకు తెల్వదు, మీకు తెల్వదు. ఎవరు పాడితే ఆ హీరోకు వాళ్ళ పేరే! పేరుకు చావు లేదు సేట్, కథల పేరు పడితే మనుమలు సుత చెప్పుకుంటరు!"

పద్మశ్రీ ఏదో చెప్పబోయింది. ఆ గొంతు ముందు ఎవరి మాట వినబడుతుంది? టిఫిన్ సెంటర్ విజయ్ కుమార్ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఐతారమైతారం పిల్లలకు ఇడ్లీ!"

"కుర్చీలు" అన్నాడు సేటు, కదలకుండా.

"ఇడ్లీ, వడ!"

"కుర్చీలు, బీరువా."

"ఇడ్లీ, వడ, పైంగ చాయ్!"

సేటు లేచాడు. చొక్కా సవరించుకున్నాడు. "నా దుకాణం మీది గది. పిల్లలు ఎన్ని దినాలు రాసుకుంటే అన్ని దినాలు!"

"ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!"

డప్పు మోగింది. జనం ఈలలేశారు. సేటు అక్కడికక్కడే ఫోను తీసి, "అవ్వా, ఆటోల జల్ది రా. నా పేరు మీద కథ సదువుతున్నరు" అని తల్లికి చెప్పాడు. దేవానందం చెమట తుడుచుకుంటూ ఇలాంటి పాట తన జన్మలో పెట్టలేదని మురిసిపోతుండగా రాణి వచ్చి చొక్కా పట్టుకుని లాగింది.

"మామా, నా కథల హీరో లేడు."

"హీరో లేకుంటె మరెవరున్నరే?"

"బర్రె."

సేటు తల్లి వచ్చేదాకా అందరికీ చాయ్ అని ప్రకటించి, దేవానందం, రాణి, పద్మశ్రీ ముగ్గురూ టెంటు వెనక చేరారు. దేవానందం గొంతు తగ్గించాననుకుని అన్నాడు. "గింతే గద బిడ్డా. బర్రెను తీసేసి ఆడ సేటును పెట్టు."

"కథ రాణిది. నేనైతే మార్చమని చెప్పను" అంది పద్మశ్రీ. ఆమె మొహం పాలిపోయి ఉంది. గది పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు కాబట్టి, మార్చొద్దని కూడా అనలేకపోయింది.

రాణి కాగితం తీసి, బర్రె ఉన్నచోట సేటు పేరు పెట్టి చదివి చూసింది. "ఉప్పల్ రింగ్ రోడ్డు మధ్యలో నరసింహమూర్తిగారు అడ్డంగా పడుకొని నెమరు వేస్తున్నారు. పోలీసాయన వచ్చి తోక పట్టుకొని గుంజాడు."

దేవానందం పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ పిల్ల మొహం చూశాడు. రాణి నవ్వడం లేదు. పెన్ను తీసుకుని మొదటి వాక్యంలో బర్రెను కొట్టేస్తోంది.

"గది ముఖ్యం గద టీచర్. కథ ఇంకోటి రాస్తలే" అంటున్న పిల్ల కళ్ళలోంచి నీళ్ళు కాగితం మీద పడ్డాయి.

దేవానందం నవ్వు ఆపేశాడు. ఇన్నేళ్ళలో ఉల్లిగడ్డలు అంటగట్టాడు, వడలిన కాయలు అంటగట్టాడు, ఏనాడూ మనసుకు ఇంత కష్టం కాలేదు. ఎందుకంటే ఆ గంపలన్నీ రూతు ఇష్టంగా నింపినవి. ఈ గంప ఆయనది కాదు. నింపిన పిల్లను అడగకుండా ఎత్తుకొచ్చి అమ్మేశాడు. దీన్ని పాట అనరు, దొంగతనం అంటారు. ఆ మాట తనకు తానే అనుకునేసరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆయన మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళేటప్పటికి సేటు తల్లి వచ్చి ముందు వరసలో కూర్చుంది. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కొడుకు పేరు కోసం ఎదురుచూస్తోంది.

"జర ఇనున్రి. మూడోసారి అన్నంక నేను ఎన్నడు మాట తిప్పలే. ఇయ్యాల తిప్పుతున్న. గంప నాది గాదు, అడగకుంట అమ్మిన. లోపలేమున్నదో ఇప్పుడే చూసిన. బర్రె ఉన్నది. సేట్, మీ గది మీకే. ఈ పాట చెల్లదు."

ముందుగా విజయ్ కుమార్ కిసుక్కున నవ్వాడు. అది అంటుకుని టెంటంతా నవ్వింది. సేటు మొహం ఎర్రబడింది. నలుగురిలో తనను ఆటపట్టించారని లేచి, "నడువవ్వా, ఇంటికి పోదం" అన్నాడు.

ముసలామె కదల్లేదు. "బర్రె కథనా? కూసోరా. పట్నమొచ్చినకాడినుంచి బర్రె ఊసే ఇనలే నేను."

తల్లిని వదిలేసి పోలేక, నిలబడలేక సేటు కూర్చున్నాడు. దేవానందం మైకును రాణి ఎత్తుకు దించి పక్కకు జరిగాడు. గది పోయింది. మాటా పోయింది. వెనక చాపల మీద కూర్చున్న పిల్లల వైపు చూడటానికి ఆయనకు మొహం చెల్లలేదు.

రాణి చదివింది. మెట్రో గుంతల పక్కన, నడిరోడ్డు మీద ఒక బర్రె పడుకుంది. బస్సులు ఆగాయి. పెళ్ళికొడుకు కారు ఆగింది. పోలీసు వచ్చి తోక గుంజాడు. బందు చేసేవాళ్ళు వచ్చి, మేము చెప్పకముందే రోడ్డు ఆపిన ఈ బర్రెది ఏ పార్టీ అని వాదులాడుకున్నారు. జనం పడీ పడీ నవ్వుతున్నారు. దేవానందం మాత్రం నవ్వే స్థితిలో లేడు.

"ఎవరి వల్లా కాకపోతే మైకు దేవానందం మామను పిలుచుకొచ్చారు" అని రాణి చదివింది.

దేవానందం తలెత్తాడు.

"ఎండిన సొరకాయనే కదిలించినాయన, బర్రెను కదిలించడా అన్నారు. మామ వచ్చి నోరు తెరిచాడు. బర్రె కళ్ళలోకి చూసి నోరు మూశాడు. అది ఎటు చూస్తోందో అటు చూశాడు. మెట్రోవాళ్ళు కట్టిన రేకుల అవతల దాని దుడ్డెపిల్ల చిక్కుకుపోయి ఉంది. దాని అరుపు హారన్లలో ఎవరికీ వినబడలేదు. మామ ఏమీ మాట్లాడలేదు. వెళ్ళి రేకు పక్కకు లాగాడు. దుడ్డె వచ్చింది. బర్రె లేచింది. బస్సులు వెళ్ళిపోయాయి. రేకు ఎవరు లాగారో ఎవరూ చూడలేదు."

నవ్వులు ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలియదు. చప్పట్లు కొట్టడం కూడా ఆలస్యమైంది. సేటు తల్లి కొంగుతో ముక్కు తుడుచుకుని కర్రతో కొడుకు కాలు మీద పొడిచింది.

"గది ఇస్తనన్నవట గదరా నలుగురిల?"

"ఆయననే చెల్లదన్నడు గదవ్వా!"

"ఆయన మాట ఆయన తిప్పుకున్నడు. నీ మాట నీ నోట్లెనే ఉన్నది. నేను సచ్చిపోయేలోపట ఆ పిల్లకాడ ఇంకో కథ ఇనాలె. నీ ఎలుకలను ఎల్లగొట్టు."

సేటు గొంతు సవరించుకుని లేచాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. "గది ఇస్తున్న. గాని బర్రెకు మాత్రం నా పేరు పెట్టకున్రి" అన్నాడు. ఈసారి నవ్విన నవ్వుకు టెంటు గుంజలు కదిలాయి. పిల్లలు చాపలు వదిలేసి గంతులేశారు. పద్మశ్రీ రూతు భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది.

కుర్చీలు సర్దుతున్నప్పుడు దేవానందం రాణి దగ్గరికి వెళ్ళాడు.

"నేనున్ననని ముందుగాలనే ఎందుకు చెప్పలేదే?"

"మీరు అడగలే మామా. బర్రెను తీసెయ్యమన్నరు." రాణి కాగితం మడుచుకుంటూ మామూలుగా అంది. "బర్రెను తీసేస్తే దుడ్డె గూడ పోతది. దుడ్డె లేకపోతే మీతోని పనేమున్నది? మిమ్మల్ని గూడ కొట్టేసేదాన్ని."

దేవానందం నోరు తెరిచాడు. రూతు చేతిలో కుర్చీతో అలాగే నిలబడి చూసింది. ఆయన నోరు మూశాడు. పిల్ల తల మీద చెయ్యి పెట్టి, రూతు చేతిలోని కుర్చీ అందుకుని వరసలో పెట్టాడు.