తాగవలసిన ఉపవాసం

సహోదరులారా, సహోదరీలారా, చెప్పుకోవడానికి సిగ్గుపడే చోటే దేవుడు నాకు మేలు చేశాడు, అందుకే సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆరు నెలల పాటు దొడ్డికి వెళ్లినప్పుడల్లా రక్తం చూశాను. నీళ్లు గుమ్మరించి, ఎవరికీ చెప్పకుండా మిరపతోటకు పోయేదాన్ని, మొలలేలే అనుకునేదాన్ని. మా అమ్మ కూడా ఇట్లాగే మొలలనుకొని, పేగులో గడ్డ ముదిరాక గాని నోరు విప్పలేదు, విప్పిన మూడు నెలలకే ఆమెను మట్టిలో పెట్టాం. అది కళ్లారా చూసి కూడా దాచానంటే నా మొండితనం ఎంతటిదో చూడండి!

ఇక్కడ జూలూరుపాడులో నన్ను ఉపవాసాల రూతమ్మ అంటారని మీకు తెలుసు. మన మందిరంలో ఉపవాసమంటే మంచినీళ్లు కూడా ముట్టం, నేనైతే ఉమ్మి కూడా మింగేదాన్ని కాదు, చాటుగా టీ తాగిన ముసలమ్మలను అందరి ముందూ కడిగేసేదాన్ని.

ఒకరోజు తోటలోనే కళ్లు తిరిగి పడ్డాను. మా ఆయన ఏసోబు నన్ను ఖమ్మం దవాఖానాకు తీసుకుపోతే, ఒంట్లో రక్తం సగం కూడా లేదన్నారు, కెమెరా ఉన్న సన్నని గొట్టం వెనక దారిన పంపి పెద్దపేగు చూడాలన్నారు. భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది! ఒక పొడి ప్యాకెట్ ఇచ్చి, దాన్ని నీళ్లలో ఎట్లా కలపాలో, ఎప్పుడెప్పుడు తాగాలో అంతా చెప్పి, ఫాస్టింగ్‌తో రమ్మన్నారు. నా చెవికి ఆ చివరి మాట ఒక్కటే ఎక్కింది. ఉపవాసం నాకు నేర్పాలా అనుకున్నాను, పొడి తాగితే ఉపవాసం తెగిపోదా అనుకున్నాను, ముందురోజు మధ్యాహ్నం నుంచి చుక్క నీరు ముట్టకుండా, ప్యాకెట్ విప్పకుండా సంచిలో పెట్టుకొని బస్సెక్కాను.

ఎన్నిసార్లు దొడ్డికి పోయావని అక్కడి నర్సమ్మ అడిగితే, ఒక్కసారి కూడా లేదు, నిన్నటి నుంచి పచ్చి గంగ ముట్టలేదని గొప్పగా చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది. “ఏందమ్మా గిది, మందు తాగకుండనే వచ్చినవా? లోపల కడిగితేనే కద సారుకు కనపడేది. గీ ఉపాసం తాగి ఉండేది.” పరీక్ష చేయకుండానే పంపించారు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇక జన్మలో రానని బస్సులో తెగేసి చెప్పాను. ఏసోబు మెల్లగా అడిగాడు. “ఏమే, నీ ఉపాసం దేవుని కోసమా, నీ పేరు కోసమా?”

ఇంటికి వచ్చి మోకాళ్ల మీద పడి ఏడ్చాను. “తండ్రీ, నా పేరు పోతే పోనీ, నన్ను బతికియ్యి. గా మందులో గూడ నువ్వే ఉండు” అని ప్రార్థించాను.

మళ్లీ తారీఖు ఇచ్చారు. పరీక్షకు పోబోయేవాళ్లు బాగా వినండి! ముందురోజు వాళ్లు చెప్పినట్టే కూర మానేసి, పలచని గంజినీళ్లు, కొబ్బరినీళ్లు మాత్రమే తీసుకున్నాను. పొడిని రెండు లీటర్ల నీళ్లలో కలిపి గ్లాసు తరువాత గ్లాసు తాగాను, ఉప్పుప్పగా వికారంగా ఉంటుంది, అయినా తాగాలి. పది పన్నెండు సార్లు పరుగెత్తాను, ఏసోబు బోరింగు కొట్టి బిందెలు మోస్తూనే ఉన్నాడు, చివరికి లేత పసుపు నీళ్లే వచ్చాయి. దవాఖానాలో దుప్పటి కప్పి ఎడమవైపు పడుకోబెట్టారు, చేతికి మత్తు సూది ఇచ్చారు, కడుపులో గాలి నిండి కొంచెం బిగుసుకున్నట్టయింది, అంతే! అరగంటలో అయిపోయింది. గాలి పోతుంటే సిగ్గుపడవద్దని, అది పోతేనే మంచిదని ఆ నర్సమ్మే నవ్వుతూ చెప్పింది.

లోపల చింతగింజంత కండ పెరిగి ఉందట, ఆ గొట్టంలోంచే కోసి తీసేశారు, నాకు తెలియనే లేదు! దాన్ని పరీక్షకు పంపారు. పదిరోజులు నిద్ర లేదు. రిపోర్టు వచ్చింది, క్యాన్సర్ కాదు! వదిలేస్తే కొన్నేళ్లకు అదే అయ్యేదని డాక్టరుగారు చెప్పారు. స్తోత్రం! నా గర్వాన్ని కూడా ఆయన ఆ గింజతోపాటే కోసేశాడు, మహిమంతా ఆయనకే!

మీలో ఎవరు రక్తం చూసి దాచుకుంటున్నారో నాకు తెలియదు, దేవునికి తెలుసు. ప్రార్థన చేయండి, దవాఖానాకు పోండి, వైద్యుడి చేతిని కూడా ఆయనే నడిపిస్తాడని నమ్మండి. తోడబుట్టినవాళ్లకూ ఈ పరీక్ష చేయించాలని డాక్టరుగారు చెప్పారు. మా తమ్ముడు దావీదు ఏన్కూరు నుంచి వచ్చి అదిగో చివరి వరుసలో తల దించుకొని కూర్చున్నాడు, తనకూ రక్తం పడుతోందని నిన్న గాని చెప్పలేదు. ఆ సంగతి ఇక్కడ మీ అందరికీ చెప్పమని నన్ను వేడుకున్నది కూడా వాడే. తల ఎత్తు తమ్ముడూ, ఇక్కడ అందరూ నీకోసం ప్రార్థించేవాళ్లే. అమ్మకు మనం చేయలేకపోయింది నీకు చేస్తాను. రేపే నిన్ను ఖమ్మం తీసుకుపోతాను, పరీక్షకు ముందురోజు ఆ రెండు లీటర్లు నేనే కలిపి నీ ఎదురుగా కూర్చుంటాను, ఆఖరి గ్లాసు నువ్వు దించేదాకా లేవను.