రెండు మడత కత్తులు

ఎనిమిదేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం దిగుతోంది, నీళ్లు దిగుతున్నాయి. అది మాత్రం లోపలికి దిగదు, బయటికి రాదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. నా పేరు వెయ్యొద్దన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన బత్తాయి అంట్లు కట్టేవాడు. నాటు నిమ్మ మొక్క బెరడు చీల్చి, అందులో బత్తాయి కన్ను, అంటే చిగురు మొలిచే మొగ్గ, దూర్చి, పీలిక చుట్టాలి. ఆయన కట్టినవాటిలో ఎండిపోయిన కన్ను వెతికినా దొరికేది కాదు. గురజాల వైపు నర్సరీల వాళ్లు ఆయన ఎప్పుడొస్తాడా అని కాచుకునేవారు.

బెరడు చీల్చే పాత మడత కత్తి సానపట్టీ పట్టీ చీపురు ఈనెలా అయిపోయింది. నేను మోకాళ్లు చూపించుకోవడానికి నరసరావుపేట వెళ్తుంటే, కొత్తది తెమ్మన్నాడు. ఖరీదైన రకమే తెమ్మని డబ్బు చేతిలో పెట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో తన కోసం ఆయన అడిగిన వస్తువు అదొక్కటే.

కొట్లో ముసలి సాయిబు రెండు కత్తులు నా ముందు పెట్టాడు. అదే చెక్క పిడి, అదే పొడవు. ఒకదాని ధర మాత్రం రెండోదానికి నాలుగింతలు. తేడా ఏంది అని అడిగాను. విసుక్కోకుండా చెప్పాడు. నాసిది పది మొక్కలకే మొద్దుబారుతుందట, నొక్కితే కీలు దగ్గర కదులుతుందట. కూరగాయలకైతే అది చాలు, అంట్లకైతే ఖరీదుదే తీసుకోమ్మా అన్నాడు. అంటే, నేను తెలియక చేసిన పని కాదు.

నాసిదే కొన్నాను. ఎందుకు? ఇనప ముక్కకి అంత డబ్బా అనుకున్నానా? రోజూ కత్తికి నూనె రాసి మెత్తటి గుడ్డలో చుట్టుకునే మనిషి నా వంక ఒక్కసారైనా అలా చూడలేదని కడుపుమంటా? మిగిలిన డబ్బుతో చీర కొనుక్కుని, మా చెల్లెలు పెట్టిందని చెప్పాను. ఆ చీర ఏ రంగో ఎంత తలుచుకున్నా ఇప్పుడు గుర్తురాదు.

ఖరీదైనదే అని చెప్పి ఇచ్చాను. ఆయన నలుగురికీ చూపించి మురిసిపోయాడు. మూడు వారాలకు నర్సరీ వాళ్లు పిలిపించారు. కట్టిన కన్నులన్నీ నల్లబడి రాలిపోయాయట. బెరడు తెగలేదు, నలిగింది అన్నారు. రెండోసారీ అంతే. ఆయన వాకిట్లో కూర్చుని ఆ కత్తిని సానరాయి మీద రుద్దుతూనే ఉన్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. చివరికి తలెత్తి అడిగాడు.

"ఏమే, ఇది మంచిరకమేనా? కొట్లోనే మారిందేమో."

చెప్పేస్తే పోయేది. మహా అయితే రెండు తిట్లు. మంచిరకమే అన్నాను. అక్కడితో ఆగానా?

"కత్తికేం రోగం? నీ చెయ్యే వణుకుతోంది. చానా రోజుల్నుంచి చూస్తన్నా, చెప్పలేక ఊరుకున్నా."

ఆయన కుడిచెయ్యి ఎత్తి ఎండలో పెట్టి చూసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు.

"అయితే నాకు తెలీకుండానే ముసలోణ్ణయిపోయా అన్నమాట" అని నవ్వబోయాడు.

అప్పటికి ఆయనకు యాభై కూడా లేవు.

మళ్లీ కత్తి పట్టలేదు. పిలవడానికి వచ్చినవాళ్లకు, చెయ్యి వణుకుతోంది, మీ మొక్కలు పాడు చెయ్యలేనని తానే చెప్పి పంపేవాడు. పత్తి మిల్లులో కాపలాకు చేరాడు. పదిమందిలో కూర్చుంటే ఆ చేతిని తువ్వాలు కింద దాచుకునేవాడు. నేను చూసేదాన్ని. రేపు చెబుదాం అనుకునేదాన్ని. తిడతాడని కాదు. తిట్టకుండా ఊరుకుంటాడేమోనని భయం.

మూడేళ్లకు ఊపిరి అందక ఆసుపత్రిలో పడ్డాడు. ఆ దూది దుమ్ము వల్లేనా? డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. ఆఖరి రోజు నిండుగా ఉన్న నీళ్ల గ్లాసు అందించాను. నేను తాగిస్తానంటే వద్దన్నాడు. తానే పట్టుకుని నోటిదాకా తీసుకెళ్లాడు. గ్లాసులో నీళ్లు కదల్లేదు. ఆయన గమనించుకోలేదు. నేను చూశాను. మనిషి ఎదురుగా ఉన్నాడు, మాట వినపడుతోంది, అప్పుడైనా చెప్పొచ్చు. ఖాళీ గ్లాసు తీసుకుని పక్కన పెట్టాను.

మిమ్మల్ని క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేడు. రాస్తున్న పిల్ల కలం ఆపి నా ముఖం చూస్తోంది. రాయమ్మా అన్నాను. ఆయన చెయ్యి ఏనాడూ వణకలేదు. ఆ మాట ఇన్నేళ్లకు బయటికి అన్నాను.