కూజా చుట్టూ నాలుగు స్టేషన్లు

కిరందూల్ ఇనుప గనిలో ఎర్రన్న ఆరేళ్లు రోజుకూలీగా కొండ కొలిచే సర్వే గొలుసు లాగాడు. గ్యాంగ్‌మన్‌గా రిటైరైన తండ్రికి రైల్వే క్వార్టరు ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. డెబ్బై నాలుగులో గనిలో ఐదు పర్మనెంట్ పోస్టులు పడితే ఇంటర్వ్యూకి అరవై మంది వచ్చారు. ఎర్రన్నకు అందులో ఒకటి రాకపోతే ఇంటిల్లిపాదీ సొంతూరికి విజయనగరం బండెక్కడమే.

ముందు వెళ్లిన స్నేహితుడు నీలకంఠం రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు. "గోడమీద బొమ్మేటని అడిగారురా. పిల్లలు గీసినట్టుందన్నాను. ఎల్లిపొమ్మన్నారు."

తర్వాత ఎర్రన్నను పిలిచారు. లోపల సర్వే అధికారి శ్రీరంగం గారు, తెలుగువారే. పక్కన హిందీ ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు.

"ఆ బొమ్మలో ఏముంది?" గోడ వైపు చూపించి అడిగారు శ్రీరంగం గారు.

బల్ల మీద కూజా, చేప, చాకు. అన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి.

"దగ్గిరికెల్లి సూడొచ్చాండి?"

"జల్దీ," అన్నాడు హిందీ ఆఫీసరు.

కూజా మూతి నిండు గుండ్రం. పైనుంచి చూస్తేనే అలా కనబడుతుంది. పొట్ట మాత్రం పక్కనుంచి చూసినట్టుంది. బల్ల, కొండమీంచి చూసిన పొలంలా పరుచుకుంది.

"కూజా పగల్లేదండి. గీసినోరు నాలుగు స్టేషన్లలో, అంటే నాలుగు చోట్ల సర్వే మిషనెట్టి సూసారు. నాలుగూ ఒకే కాయితమ్మీదకి దింపేసారు."

అక్కడ ఆగితే సరిపోయేది. "ఏ స్టేషను ఎక్కడో గుర్తెట్టలేదండి. మా పనిలో ఇలా సేస్తే ఇంటికి పంపించేత్తారు."

శ్రీరంగం గారు కలం కింద పెట్టారు. "అది వేసింది మా ఆవిడ సుశీల."

ఆ పేరు వినగానే హిందీ ఆఫీసరు తలెత్తి ఎర్రన్న వైపు జాలిగా చూశాడు.

"చెప్పు. తప్పేనా?"

లేదండీ, ఎంతో బాగుందండీ అనేద్దామనుకున్నాడు ఎర్రన్న. మాట పెదవుల దాకా వచ్చింది.

"కొండ కొలతకైతే తప్పేనండి. ఇంట్లో కూజాకి కాదు. మాయమ్మ దాన్ని కడుగుతాది, నింపుతాది, మూత తీసి లోపలికి తొంగి సూస్తాది. ఒక్కచోట నిలబడి సూస్తాదేటండి?"

శ్రీరంగం గారు మళ్లీ బొమ్మ వైపు వేలు చూపించారు.

"ఆ మూల నల్లముక్క ఏమిటి?"

"తెల్దండి."

"వెళ్లు."

జరిగింది విని నీలకంఠం నెత్తి కొట్టుకున్నాడు. "ఆయన పెళ్లాం బొమ్మకే వంకెట్టీసావా! సామాన్లు కట్టుకో."

తల్లి పోలమ్మ నిజంగానే గిన్నెలు మూటకట్టింది. పందొమ్మిదో రోజున బోర్డుమీద కాగితం అంటించారు. ఎర్రన్న పైనుంచి చదువుతూ, నాలుగో పేరూ తనది కాకపోయేసరికి కళ్లు మూసుకున్నాడు. ఐదోది నీలకంఠమే చదివి, వీపు మీద ఒక్కటిచ్చాడు.

"నీదేరా, సచ్చినోడా!"