ఆమె వేసిన అతుకులు

యుద్ధం రోజుల్లో ఒకసారి అరక్కోణంలో రైలెక్కితే, నా ఎదుట నగరి నేతగాడొకాయన కూర్చుని ఉన్నాడు. మద్రాసులో అప్పుడే చేయించుకున్న కళ్లద్దాలు సీసా అడుగంత మందంగా ఉన్నాయి. తాను నేసుకున్న పైపంచెను ముక్కుకు ఆనించుకుని పోగు పోగూ వెతుకుతున్నాడు.

“బాగా కనబడుతోందా పెద్దాయనా?” అన్నాను.

“కనబడతా ఉండాదప్పా. చూపు మందగించినా నా మగ్గంలో పోగు తెగలేదని మురిసినాను. ఈడ సూడు, ఎన్ని అతుకులో! ఈ సన్నటి అతుకులు మా ఇంటామె చేతివి. నేను కూటికి లేచినప్పుడల్లా మగ్గం గుంటలో దిగి తెగిన పోగులు అతికినట్టుండాది. నాతో ఒక్క మాటా చెప్పలేదు.”

“ఇంటికెళ్లి అడగండి” అన్నాను నవ్వుతూ.

“యాడ అడిగేదప్పా? మొన్న ఆడికృత్తిక పండగ నాడే పోయింది.”

కళ్లద్దాలు తీసి పెట్టెలో పెట్టేశాడు. నగరి వచ్చేదాకా ఆ అతుకులను వేళ్లతోనే చూస్తూ కూర్చున్నాడు.