నిప్పుకు గొంతు దించాలి

బ్యోన్ మల్సున్ టీచరమ్మ ముప్పై ఎనిమిదేళ్లు చిన్నబడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని ఊరి హాల్లో ఆదివారం పూట కొరియా మాట నేర్పడం మొదలుపెట్టింది. వచ్చేవాళ్లంతా చుట్టుపక్కల కూరగాయలు పండించే ప్లాస్టిక్కు షెడ్లలో పనిచేసే పరాయిదేశపు పిల్లలు. టీచరమ్మకు దక్కేది వాళ్లు తెచ్చే నాలుగు ఆకుకూర కట్టలే. మనిషి మాత్రం మహా కచ్చితం. పలుకు ఇసుమంత అటూఇటూ అయినా ఒప్పుకునేది కాదు. సరిగ్గా పలికినవాళ్ల పుస్తకంలో ఎర్రసిరాతో పెద్ద సున్నా చుట్టేది. కొరియాలో సున్నా అంటే ఒప్పు అని. ఆ సున్నా కోసం పాతికేళ్ల పిల్లలు కూడా పసివాళ్లలా ఎగబడేవాళ్లు.

సంతలో బేరం ఆడటం, డాక్టరుకు నొప్పి ఎక్కడో చెప్పడం, బస్సు తప్పిపోతే దారి అడగడం, ఇవీ ఆమె పాఠాలు. నిప్పు పాఠం పుస్తకంలో లేదు. అది కున్థియా కోసం పుట్టింది.

కున్థియాది కంబోడియా. దోగిల్ అనే రైతు షెడ్లలో ఆకులు కోసే పని. తన ఊరి పిల్లే అయిన థీడాతో కలిసి షెడ్ల చివర ఒక రేకుల గదిలో ఉండేది. పైన ప్లాస్టిక్కు, దాని మీద నల్ల గుడ్డ, లోపల రేకుల డబ్బా, అంతే గది. పంటల పండగకు బియ్యప్పిండి బిళ్లలు ఇద్దామని మల్సున్ అక్కడికి వెళ్లింది. ఒక్క ప్లగ్గు పలకకి ఫ్రిజ్జూ, అన్నం కుక్కరూ, చలికి వేడెక్కించుకుని పడుకునే కరెంటు పరుపూ తగిలించి ఉన్నాయి. వైరు ముట్టుకుంటే వెచ్చగా తగిలింది.

మర్నాడే దోగిల్‌ని పట్టుకుని అడిగింది. అతనూ ఆమె దగ్గర మూడో తరగతి చదివినవాడే. తల గోక్కుంటూ, వసంతం రానివ్వండి టీచరమ్మా, కొత్త వైరు లాగిస్తానన్నాడు. చేతిలో పెరిగిన పిల్లాడు కదా, మాట తప్పడనుకుంది. మళ్లీ అడగలేదు. అడిగి తీరాల్సింది. తరవాత ఎంత కుమిలిపోయి ఏం లాభం?

తన చేతిలో ఉన్నది మాటే కాబట్టి మాటే నేర్పింది. బోర్డు మీద పక్కపక్కనే రాసింది, బుల్ అంటే నిప్పు, పుల్ అంటే గడ్డి. రాతలో చూస్తే ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది. కానీ కొరియావాళ్ల నోట్లో ఆ మొదటి అక్షరం 'బ'కీ 'ప'కీ మధ్య ఎక్కడో ఉంటుంది. తేడా అంతా గొంతులోనే. గొంతు దించితే నిప్పు, గొంతు లేపి ఊపిరి వదిలితే గడ్డి.

కున్థియా నోట్లో ప్రతిసారీ నిప్పు గడ్డి అయిపోయేది. మన గదికి నిప్పంటుకుంటే నీ కేకకు మేకలే వస్తాయే అని థీడా ఆటపట్టించింది. హాలంతా నవ్వారు. మల్సున్ నవ్వలేదు. గొంతు దించు, కడుపులోంచి రానీ, తొందరపడకు అంటూ మూడు ఆదివారాలు ఆ పిల్లను అరగదీసింది. నాలుగో ఆదివారం మాట కుదిరింది. ఎర్ర సున్నా పడింది. కున్థియా ఆ పేజీని అందరికీ చూపించుకుంది. పట్నం నుంచి అగ్నిమాపక బండి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, దోగిల్ ఇల్లు రోడ్డు దాటితే చాలు, మంటలార్పే సిలిండరూ అతని దగ్గరే ఉంది, ముందు అతనికే ఫోను చెయ్యి అని మల్సున్ మరీ మరీ చెప్పింది.

జనవరిలో ఒక మంగళవారం, పొద్దు బాగా ఎక్కాక, నిప్పు రానే వచ్చింది. థీడా జ్వరంతో కరెంటు పరుపు మీదే పడుకుని ఉంది. మూడో షెడ్డులో ఆకులు కోస్తున్న కున్థియాకి కాలిన ప్లాస్టిక్కు వాసన తగిలింది. పరుగెత్తుకొచ్చేసరికి గుమ్మం మీద మంట, పైనుంచి కరిగి కారుతున్న ప్లాస్టిక్కు. లోపల థీడా తలుపు బాదుతోంది. థీడాని వదిలి కదలలేక కున్థియా దోగిల్‌కి మూడుసార్లు ఫోను చేసింది. చివరికి దారిన పోయే లారీ డ్రైవరు పొగ చూసి అగ్నిమాపక బండిని పిలిచాడు. ఆ బండి వచ్చేసరికి తలుపు బాదిన చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది.

మూడో రోజు మల్సున్‌ని పోలీసు స్టేషనుకు రమ్మన్నారు. కున్థియా నిప్పు అన్నానంటోంది, దోగిల్ గడ్డి అని విన్నానంటున్నాడు. అతని ఫోనులో మాటలన్నీ వాటంతటవే రికార్డవుతాయట. పిల్లకు పలుకు నేర్పింది మీరే కాబట్టి విని చెప్పండన్నాడు పోలీసాయన.

ఫోనులోంచి కున్థియా కీచుగొంతు వినిపించింది. "అయ్యగారూ, పుల్! పుల్ ఉంది, రండి!"

"గడ్డి ఉంటే పీకు. దానికి నాకు ఫోనెందుకు?" అన్నాడు దోగిల్. రెండోసారీ అదే కేక, అదే జవాబు. మూడోసారి ఫోను ఎత్తనేలేదు.

భయమేస్తే ఏ మనిషికైనా గొంతు లేస్తుంది. నిప్పుకు గొంతు దించాలని నేర్పింది తను. కళ్లెదుట స్నేహితురాలు కాలిపోతుంటే గొంతు దించేదెవరు? ఇంత చదువూ చెప్పి ఆ ఒక్క సంగతీ తట్టలేదే తనకి!

దోగిల్ తల ఎత్తకుండా అన్నాడు. "మీ చెవి ఎట్లాంటిదో నాకు తెలుసు టీచరమ్మా. మీరే చెప్పండి, నేను విన్నది తప్పా?"

కున్థియా ఆమె నోటివంకే చూస్తోంది. ఒక్క అబద్ధంతో ఆ పిల్ల ఒడ్డున పడుతుంది. కానీ యంత్రంలో మాట అట్లాగే ఉంది.

"గడ్డి అనే అంది," అంది మల్సున్. కున్థియా తల వాలిపోయింది. దోగిల్ ఊపిరి వదిలాడు. మల్సున్ అతని వైపు తిరిగింది. "మాట గడ్డేరా. మరి ఆ ఏడుపు వినపడలేదా నీకు? గడ్డిని చూసి ఎవరైనా అట్లా ఏడుస్తారా?"

పోలీసాయన మొదటి మాట రాసుకున్నాడు. రెండోది అడిగిన దానికి జవాబు కాదన్నాడు.

ఆదివారం హాలుకు వెళ్లి మల్సున్ బోర్డు మీద ఒకే మాట రాసింది, కాపాడండి అని. మర్యాదగా అడిగే వ్యాకరణం పిల్లలకు ఇంకా రాలేదని దాన్ని ఇరవై మూడో పాఠంలో దాచిపెట్టింది ఇన్నాళ్లూ. ఎట్లా పలికినా ఫరవాలేదు, అరిచి చెప్పండి అంది. పిల్లలు సిగ్గుపడుతూనే అరిచారు. కున్థియా అరవలేదు. అందరూ ఆగాక లేచి నిలబడింది. తొందరపడకుండా, కడుపులోంచి, గొంతు బాగా దించి పలికింది.

"బుల్."

ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"ఇప్పుడు సరిగ్గా వచ్చిందా టీచరమ్మా?"

"వచ్చింది తల్లీ," అంది మల్సున్.

సున్నా చుట్టమని కున్థియా పుస్తకం ముందుకు జరిపింది.